క్రైమ్ ఐటెమ్ నుంచి డార్క్ కామెడీ దాకా: ఒక మాజీ కంట్రిబ్యూటర్ పద్ధతి

కృష్ణానగర్‌లో నేను టీ తాగే కొట్టు దగ్గర వారానికి ఒక్కడైనా దొరుకుతాడు. ఫోన్ తీసి ఏదో న్యూస్ క్లిప్పింగ్ చూపించి "అన్నా, ఇది చూడు, డార్క్ కామెడీకి అదిరిపోద్ది" అంటాడు. చావు, నేరం లాంటివాటిలోంచే నవ్వు పుట్టించే సినిమా అన్నమాట. చూస్తాను. చూశాక మూడు ప్రశ్నలు అడుగుతాను. నేరం చేసిన మర్నాడు పొద్దున వాడు టిఫిన్ ఎక్కడ చేశాడు? మొదటి అనుమానం ఎవరికొచ్చింది, ఏ చిన్న విషయం వల్ల? వాడు అలాంటివాడు కాదని ఇప్పటికీ వాదిస్తున్నదెవరు?

"అవన్నీ మనం రాసుకోవాలి కదన్నా!"

అక్కడే పప్పులో కాలేస్తారు. మిగతా సినిమా అంతా మనం రాసుకోవచ్చు. ఈ మూడూ మాత్రం వెతికి తెచ్చుకోవాలి.

నేను పదకొండేళ్ళు గోదావరి జిల్లాలో ఓ దినపత్రికకి కంట్రిబ్యూటర్‌ని. క్రైమ్ బీట్. జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది, అంటే అచ్చయిన వార్తని స్కేలు పెట్టి కొలిచి ఇచ్చే డబ్బులు. తర్వాత హైదరాబాద్ వచ్చి స్టోరీ డిస్కషన్లలో కూర్చోవడం మొదలుపెట్టాను. తొమ్మిదేళ్ళయింది. టైటిల్స్‌లో పేరు పడింది ఒక్కసారి, 'కథా సహకారం' కింద ఆరుగురిలో నాలుగోది. కాబట్టి నా సలహా విలువెంతో మీరే లెక్కేసుకోండి. కానీ పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చున్న గంటల్లో మాత్రం ఈ ఊళ్ళో నాతో పోటీకొచ్చే రచయితలు తక్కువ.

ముందు ఒక సినిమా

ఈ పని నేర్చుకోవడానికి పది సినిమాలు అక్కర్లేదు. 2011 నాటి 'బెర్నీ' ఒక్కటి మూడుసార్లు చూడండి. రిచర్డ్ లింక్‌లేటర్ తీశాడు. తూర్పు టెక్సాస్‌లో కార్తేజ్ అని 7 వేల జనాభా కూడా లేని ఊరు. అక్కడి ఫ్యూనరల్ హోమ్‌లో బెర్నీ టీడీ అసిస్టెంటు. శవానికి గడ్డం గీసి, జుట్టు దువ్వి, మేకప్ వేసి, ఆఖరి చూపుకొచ్చినవాళ్ళు "నిద్రపోతున్నట్టే ఉన్నారు" అనేలా తయారుచేయడం అతని పని. చర్చిలో పాటలు పాడతాడు. భర్త పోయిన ముసలమ్మల ఇంటికి పూలు పట్టుకెళ్ళి పలకరించి వస్తాడు. 1990లో ఓ డబ్బున్న పెద్దమనిషి పోతే, ఆయన భార్య మార్జొరీ నుజెంట్‌తో అతనికి పరిచయమైంది. ఊళ్ళో చాలామందికి ఆవిడంటే పడదు. బెర్నీకి పడింది. కలిసి దేశాలు తిరిగారు, ఆవిడ డబ్బు లెక్కలన్నీ అతని చేతికొచ్చాయి.

1996 నవంబరు 19న, 81 ఏళ్ళ ఆవిణ్ణి అతను .22 రైఫిల్‌తో వెనకనుంచి నాలుగుసార్లు కాల్చాడు. బెడ్‌షీట్‌లో చుట్టి ఆవిడ ఇంట్లోనే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పైన తిండి ప్యాకెట్లు సర్దాడు. తొమ్మిది నెలలు ఎవరికీ తెలియలేదు. ఎవరైనా అడిగితే ఆవిడకి ఒంట్లో బాగోలేదనో, ఎక్కడికో వెళ్ళిందనో చెప్పేవాడు. అడిగినవాళ్ళే తక్కువ. ఆ తొమ్మిది నెలలూ ఆవిడ డబ్బుతో ఊరికి చేయని దానం లేదు. 1997 ఆగస్టులో ఫ్రీజర్ తెరిచారు. అతను నేరం ఒప్పుకున్నాడు.

ఇంతవరకూ ఇది మన జిల్లా పేజీలో డబుల్ కాలమ్ వార్త. కామెడీ ఆ తర్వాత మొదలైంది. చంపానని అతనే చెప్పినా ఊళ్ళో చాలామంది అతన్నే వెనకేసుకొచ్చారు. ఇక్కడి జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టే మామూలు జనం, శిక్ష వెయ్యదేమోనని భయపడి, విచారణని వేరే ఊరికి మార్చమని ప్రాసిక్యూటర్ కోర్టుని అడగాల్సి వచ్చింది. మామూలుగా ఆ కోరిక ముద్దాయి వైపునుంచి వస్తుంది, ఊరంతా నామీద కోపంగా ఉంది, ఇక్కడ నాకు న్యాయం జరగదని. ఇక్కడ తిరగబడింది. విచారణ శాన్ అగస్టీన్ అనే ఇంకో ఊరికి మారింది. 1999లో జీవిత ఖైదు పడింది.

ఆ ఒక్క పిటిషన్ ఈ సినిమాకి ఆయువుపట్టు. మీ కేసులో కూడా అలాంటి కాగితం ఒకటి ఉండాలి. అందరూ ఒకలా నడుచుకుంటారని మనం అనుకునే చోట ఇంకోలా నడుచుకున్నట్టు రుజువు చేసే కాగితం. అది లేకపోతే మీ దగ్గరున్నది నేరం మాత్రమే. దానితో క్రైమ్ థ్రిల్లర్ రాసుకోండి, తప్పేం లేదు, మార్కెట్టూ ఎక్కువే.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

వార్త చదివి రాయకండి. ఆ వార్త రాసింది నాలాంటివాడే. స్టేషన్ రైటర్ చెప్పింది విని, బస్సు వెళ్ళిపోతుందని గబగబా రాసి పంపాడు. డెస్కులో దాన్ని సగానికి కోశారు. కోసేసిన సగంలోనే మీ సినిమా ఉంటుంది.

ముందు ఎఫ్‌ఐఆర్ సంపాదించండి. సున్నితమైన కేసులు తప్ప మిగతావాటి ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. ఎఫ్‌ఐఆర్‌లో కథ ఉండదు, కాలం ఉంటుంది. నేరం ఎప్పుడు జరిగింది, ఫిర్యాదు ఎప్పుడు వచ్చింది. ఆ రెంటి మధ్య ఖాళీని చూడండి. బెర్నీ కేసులో ఆ ఖాళీ తొమ్మిది నెలలు. సినిమా అంటే ఆ ఖాళీయే.

తర్వాత తీర్పు. కేసు నంబరుంటే ఈ-కోర్ట్స్ సైట్‌లో వెతుక్కోవచ్చు. తీర్పులో సాక్షుల మాటలుంటాయి: పీడబ్ల్యూ 1 (ప్రాసిక్యూషన్ వైపు మొదటి సాక్షి) ఇలా అన్నాడు, పీడబ్ల్యూ 4 అలా అన్నాడు. కిరాణా కొట్టువాడు, ఆటో డ్రైవరు, ఎదురింటావిడ, అందరూ వరసగా వస్తారు. పాత్రలు మీరు కల్పించక్కర్లేదు, నంబర్లతో సహా అక్కడే ఉన్నాయి.

అన్నిటికంటే నాకిష్టమైనది పంచనామా, మధ్యవర్తుల రిపోర్టు. గదిలో ఏమేం ఉన్నాయో వరసగా రాస్తారు. ఒకసారి నేను చూసిన రిపోర్టులో 'స్టీలు క్యారేజీ ఒకటి, అందులో పులిహోర కొద్దిగా' అని ఉంది. హత్య జరిగిన గది అది. ఏ రచయిత రాస్తాడండీ 'పులిహోర కొద్దిగా' అని? ఆర్ట్ డైరెక్టర్‌కి ఇవ్వాల్సిన లిస్టు ప్రభుత్వమే రాసిపెట్టింది.

ఆ తర్వాత ఊరెళ్ళండి. 'బెర్నీ'కి మూలం స్కిప్ హాలండ్స్‌వర్త్ అనే విలేకరి 1998 జనవరిలో 'టెక్సాస్ మంత్లీ' పత్రికకి రాసిన వ్యాసం. లింక్‌లేటర్ అది చదివి ఊరుకోలేదు, శాన్ అగస్టీన్‌లో విచారణకి వెళ్ళి కూర్చున్నాడు. సినిమా వచ్చేసరికి విచారణ జరిగి పన్నెండేళ్ళు. మన నిర్మాత పన్నెండేళ్ళు ఆగడు, నాకూ తెలుసు. పన్నెండు రోజులైనా ఉండండి. బస్టాండు పక్క మెస్‌లో తినండి. కేసు గురించి అడగొద్దు. ఇల్లు అద్దెకి కావాలని అడగండి, చాలు. "ఆ వీధిలో వద్దండీ" అని వాళ్ళే మొదలుపెడతారు.

నా చేతికొచ్చిన కేసు

ఊరు చెప్పను, పేర్లు చెప్పను. కాయిన్ బాక్స్ ఫోన్లున్న రోజులు. ముందు నేను పంపిన వార్త ఇది:

'గోదావరిలో వ్యక్తి గల్లంతు. స్నానానికి దిగిన వ్యక్తి ప్రమాదవశాత్తూ నదిలో గల్లంతైన సంఘటన సోమవారం చోటుచేసుకుంది. ఒడ్డున లుంగీ, టవలు, చెప్పులు లభ్యమయ్యాయి. గజ ఈతగాళ్ళతో గాలింపు కొనసాగుతోంది.'

పన్నెండు రోజుల తర్వాత రెండోది పంపాను, 'చనిపోయాడనుకున్న వ్యక్తి తునిలో ప్రత్యక్షం' అని. బీమా డబ్బు కోసం నాటకం, భార్యకీ తెలుసు. డెస్కువాళ్ళు ఉంచింది ఇంతే. ఎలా దొరికాడన్నది కోసేశారు.

ఎలా దొరికాడంటే, పెద్దకర్మ రోజు సాయంత్రం తుని బస్టాండ్ నుంచి పక్కింటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేశాడు. పక్కింటి మామ్మగారు ఎత్తారు. గొంతు మార్చి "మద్రాసు నుంచి ఆయన ఫ్రెండునండీ, రాలేకపోయాను. కార్యక్రమం బాగా జరిగిందాండీ?" అన్నాడు. జరిగిందన్నారావిడ. "ఎంతమందొచ్చారండీ?" నూట యాభైమంది దాకా వచ్చారన్నారు. రూపాయి అయిపోయే టైముకి ఆపుకోలేక "గారెలు సరిపోయాయాండీ?" అని అడిగాడు.

మామ్మగారు ఫోన్ పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నారట. స్టేషన్‌లో ఆవిడ చెప్పిన మాట నేను స్వయంగా విన్నాను. "ఏ పెళ్ళికెళ్ళినా, ఏ చావుకెళ్ళినా వాడు అడిగేది అదొక్కటే బాబూ. చచ్చినా మారలేదు."

ఇంకోటుంది. శవం దొరకని మనిషిని చట్టం చనిపోయినట్టు భావించాలంటే 7 ఏళ్ళు ఆచూకీ లేకుండా ఉండాలి. బీమా కంపెనీ కూడా అదే అడుగుతుంది. శవం లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేస్తారని మూడు నెలల ముందే పురోహితుణ్ణి అడిగి తెలుసుకున్నవాడు, దీన్ని మాత్రం ఎవరినీ అడగలేదు. స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ చెబితే బెంచీ మీద కూర్చుని "ఏడేళ్ళాండీ?" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "ఏడేళ్ళా?" అన్నాడు.

ఇప్పుడు దీన్ని సీన్‌గా రాయాలి. నేను మొదట రాసిన వెర్షన్‌లో ఫోన్ బూత్ దగ్గర వాడు మారువేషంలో ఉన్నాడు, పెట్టుడు మీసం జారిపోతోంది, వెనక కానిస్టేబుల్ నిలబడ్డాడు, టెన్షన్ మ్యూజిక్. చదివిన కో-డైరెక్టర్ పెద్దగా నవ్వాడు. రెండు రోజుల తర్వాత నాకే వెగటు పుట్టింది. మీసం తీసేశాను. కానిస్టేబుల్‌ని తీసేశాను. కెమెరాని తుని నుంచి ఎత్తి మామ్మగారింట్లో పెట్టాను. వాడు కనపడడు, గొంతే. ఆవిడ ఒళ్ళో కర్మ భోజనం నుంచి తెచ్చుకున్న గారెల పొట్లం ఉంది. గారెల మాట వినగానే ఆవిడ చూపు పొట్లం మీదికెళ్తుంది. నోట్లోది నమలడం ఆపుతుంది. అంతే సీను. డైలాగ్ కూడా అక్కర్లేదు.

తేడా చూశారా? మొదటి వెర్షన్ నవ్వించాలని తాపత్రయపడింది. రెండో దాంట్లో ఎవరూ తాము కామెడీ సినిమాలో ఉన్నామనుకోవడం లేదు. ఈ రకం సినిమాలో ఎవరికీ ఆ సంగతి తెలియకూడదు. బెర్నీగా వేసిన జాక్ బ్లాక్ పేరున్న కమెడియన్, అయినా 'బెర్నీ'లో ఒక్క జోకు కూడా జోకులా చెప్పడు. మొదటి సీన్‌లో శవానికి అలంకారం చేయడం విద్యార్థులకి నేర్పిస్తాడు. పెళ్ళికూతురికి జడ వేస్తున్నంత శ్రద్ధగా చేస్తాడు. ఆ శ్రద్ధకే నవ్వొస్తుంది, ఆ చేతులే తర్వాత ఏం చేస్తాయో తెలిశాక వెన్ను జలదరిస్తుంది.

కోర్టు సీను కూడా పట్టి చూడండి. ప్రాసిక్యూటర్‌గా మాథ్యూ మెకానహే. ముద్దాయిని రైఫిల్ గురించి తక్కువ, ఫ్రెంచి పేరున్న ఓ ప్రసిద్ధ నాటకం గురించి ఎక్కువ అడుగుతాడు. ఆ పేరు తప్పు పలుకుతాడు. బెర్నీ మర్యాదగా సరిగ్గా పలుకుతాడు. చేపలతో ఏ వైన్ తాగాలని అడుగుతాడు. దానికీ అతని దగ్గర జవాబుంది. జ్యూరీలో ఉన్నది పల్లెటూరి జనం. ఒక్కో సరైన జవాబుతో వాళ్ళకి ఇతను పరాయివాడైపోతుంటాడు. మనిషి తన మంచి మర్యాదల వల్లే మునిగిపోవడం కళ్ళారా కనిపిస్తుంది. మన కోర్టుల్లో జ్యూరీ లేదు, ఈ సీను మనకి కుదరదు. కానీ రచ్చబండ ఉంది, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ ఉంది.

ఊరి గొంతు

'బెర్నీ'లో మధ్యమధ్య ఊరి జనం కెమెరా వైపు చూసి మాట్లాడతారు. అందులో కొందరు నటులు, చాలామంది నిజంగా కార్తేజ్ వాళ్ళే. ఎవరు ఎవరో చెప్పడం కష్టం. దీన్ని చూసి మనవాళ్ళు కూడా ఇంటర్వ్యూలు పెడుతున్నారు, కానీ వాటిలో కథ చెప్పిస్తున్నారు. అది దండగ. ఊరివాడు కేసు గురించి మాట్లాడుతున్నానని అనుకుంటూ తన గురించే మాట్లాడాలి. 'మా మామ్మ పోయినప్పుడు కూడా ఇంత బాగా జరగలేదండీ భోజనాలు.' 'పోయినోడు నాకు పన్నెండొందలు ఇవ్వాలి, బతికొచ్చాడంటే సంతోషించింది నేనొక్కణ్ణే.' ఇలా ఓ ముప్ఫై రాసుకుని ఇరవై రెండు పారేయండి.

ఇంటర్వెల్ విషయం. అందరూ శవం బయటపడ్డం ఇంటర్వెల్ బ్యాంగ్ అనుకుంటారు. నేను ఒప్పుకోను. 'బెర్నీ'లో కాల్పులు దాదాపు సినిమా మధ్యలో ఉంటాయి, అప్పటినుంచి ఫ్రీజర్‌లో ఏముందో మనకి తెలుసు, ఊరికి తెలియదు. అతను ఎవరికో కారు కొనిస్తాడు, పిల్లలు ఆడుకోవడానికి సెట్ కొనిస్తాడు, అందరూ దీవిస్తారు, మనకి ఫ్రీజర్ మోటారు చప్పుడు గుర్తొస్తుంది. దాచిపెట్టి చివర్లో చూపిస్తే ఒక్క ఉలికిపాటు వస్తుంది. ముందే చూపిస్తే గంటసేపు ప్రతి మంచి పనీ భయపెడుతుంది.

పోయినవాళ్ళ సంగతి

ఇక్కడ కాస్త ఆగాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి తీగ దొంగిలించబోయి కరెంటు షాక్ తగిలి ఒకాయన పోయాడు. నేను వార్త పంపాను. మర్నాడు పేపర్లో హెడ్డింగు: 'షాకిచ్చిన చోరీ'. ప్రెస్ క్లబ్‌లో అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. మూడో రోజు పదిహేనేళ్ళ కుర్రాడు కటింగు పట్టుకుని సైకిల్ మీద వచ్చాడు. గుండు ఇంకా కొత్తగా ఉంది. హెడ్డింగు గురించి ఏమంటాడోనని నాకు నోరెండిపోయింది. "అన్నా, మా నాన్న ఇంటిపేరు తప్పు పడింది, సరిగ్గా వేయిస్తారా?" అన్నాడు. అంతే. సవరణ పంపాను. వెయ్యలేదు.

అప్పట్నుంచి ఏ స్క్రిప్టు రాసినా పోయిన మనిషికి ఒక్క సీనైనా ఇస్తాను. అందులో నవ్వు ఉండదు, జాలి కూడా ఉండదు. ఆ మనిషి ఒక్కడే తన పని తాను చేసుకుంటూ కనిపిస్తాడు. 'బెర్నీ' నాకు ఎంతిష్టమైనా ఇక్కడ దానికి మార్కులు తగ్గిస్తాను. మార్జొరీగా షిర్లీ మెక్లేన్ గొప్పగా చేసింది, ఆ ముద్ద నమలడం చూస్తుంటే మనకే విసుగొస్తుంది. కానీ మార్జొరీని మనం చూసేది దాదాపు అంతా ఊరి కళ్ళతోనే. ఆవిడంటే పడనివాళ్ళు చెప్పిన ఆవిడ. మాట్లాడాల్సిన మనిషేమో ఫ్రీజర్‌లో ఉంది. ఆవిడ కుటుంబంలో కొందరు ఈ సినిమా మీద బాధపడ్డారంటే నాకు ఆశ్చర్యం లేదు.

మయామీలో సన్ జిమ్ ముఠా 1990లలో చేసిన కిడ్నాపులు, హత్యల మీద 2013లో మైకేల్ బే 'పెయిన్ అండ్ గెయిన్' తీశాడు. ఒక ఘోరమైన సీన్ మధ్యలో 'ఇది ఇప్పటికీ నిజ కథే' అని తెర మీద అక్షరాలు వేస్తాడు. తెలివైన జోకే. కానీ ఆ ముఠా చేతిలో చిత్రహింసలు పడి బతికినాయన తనని చూపించిన తీరు మీద కోర్టుకెళ్ళాడు. జోకు వేసేటప్పుడు ఆయన కూడా థియేటర్‌లో కూర్చుని ఉన్నాడనుకుని వెయ్యాలి.

ఏది మార్చాలి

'ఆధారంగా' అంటే ఎంత? నా లెక్క చెబుతాను. పేరు, ఊరు, కులం, వృత్తి, కుటుంబంలో ఎంతమంది, అన్నీ మార్చేయండి. దొరికిన తీరు మాత్రం మార్చకండి. గారెల బదులు బొబ్బట్లు పెట్టమన్నాడో దర్శకుడు, విజువల్‌గా బాగుంటుందని. కర్మ భోజనంలో గారెకున్న బరువు బొబ్బట్టుకి లేదని చెప్పడానికి నాకు ఒక సిట్టింగ్, అంటే ఒక పూట కథాచర్చ, పట్టింది.

తెర మీద ఏం వేస్తారన్నది కూడా రచయిత పనే. 'ఫార్గో' (1996) ఇది నిజ కథ, 1987లో మిన్నెసోటాలో జరిగిందంటూ మొదలవుతుంది. అలాంటి కేసే లేదు. చెక్క తురిమే యంత్రం సంగతి మాత్రం కనెటికట్‌లో 1986లో జరిగిన ఒక హత్యనుంచి వచ్చింది. 'ఐ, టోన్యా' (2017) ఇంకో దారి పట్టింది. స్కేటర్ నాన్సీ కెరిగన్ మోకాలి మీద 1994లో జరిగిన దాడి కేసులో, టోన్యా హార్డింగ్ ఒకటి చెబుతుంది, ఆమె మాజీ భర్త ఇంకోటి చెబుతాడు, సినిమా రెండూ చూపిస్తుంది. మీకు రెండు కథనాలు దొరికితే ఏది నిజమో తేల్చే పని పెట్టుకోకండి. రెండూ వాడుకోండి.

'ఇందులోని పాత్రలు కేవలం కల్పితం' అనే కార్డుకీ ఓ చరిత్ర ఉంది. రష్యా రాజకుటుంబానికి దగ్గరైన సాధువు రస్పుతిన్ హత్య మీద హాలీవుడ్ సంస్థ ఎంజీఎం 1932లో ఒక సినిమా తీస్తే, అందులోని రాజకుమారి పాత్ర తనేనని రష్యా రాకుమారి ఇరీనా యూసుపోవ్ లండన్‌లో దావా వేసి 1934లో 25 వేల పౌండ్లు గెలిచింది. ఆ దెబ్బతో అందరూ ఈ కార్డు వేయడం నేర్చుకున్నారు. కార్డు వేస్తే చాలనుకోకండి. పాత్రని చూసి ఊరు మొత్తం గుర్తుపడితే కార్డు కాపాడదు. కోర్టు రికార్డుల్లాంటి పబ్లిక్ రికార్డుల్లో ఉన్నదాన్ని అనుమతి లేకుండా రాయవచ్చని సుప్రీంకోర్టు 1994లో తమిళనాడు హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ కేసులో చెప్పింది, రికార్డు దాటి వ్యక్తిగత జీవితంలోకి వెళ్తే కష్టం. పోయినవాళ్ళే కదా అనుకోవద్దు, వాళ్ళ కుటుంబం మనసు నొప్పించాలని రాస్తే అదీ పరువు నష్టం కిందికి వస్తుంది. అత్యాచారం కేసులు, పిల్లల మీద నేరాలు ఈ జానర్‌కి అసలు తేవద్దు. బాధితులెవరో తెలిసేలా చేయడమే నేరం, చట్టం సంగతి అటుంచినా అందులో నవ్వు లేదు. సినిమా ఓకే అయితే లాయర్‌కి చూపించండి, ఆ ఖర్చు నిర్మాతది.

నెరేషన్

స్క్రిప్టు రచయితల సంఘంలో రిజిస్టర్ చేసుకున్నాక ఆఫీసులకెళ్తారు కదా. అక్కడ డార్క్ కామెడీ అనే మాట వాడకండి. 'డార్క్' అనగానే ఫ్యామిలీలు రారంటారు, 'కామెడీ' అనగానే "కమెడియన్ ఎవరు?" అంటారు. నేను గారెల కథని "తన పెద్దకర్మకి ఎంతమందొచ్చారో తెలుసుకోవాలనుకున్న మనిషి" అని మొదలుపెడతాను. అయిదుగురిలో ముగ్గురు కుర్చీలో ముందుకి జరుగుతారు. ఎందుకంటే ఆ కోరిక వాళ్ళకీ ఉంది.

రాసిన దానికి ఎంత బలం ఉంటుందో కూడా కాస్త ఊహించుకోండి. 'బెర్నీ' చూసిన ఒక లాయరు ఆ కేసుని మళ్ళీ తవ్వింది. చిన్నప్పుడు బెర్నీ లైంగిక వేధింపులకి గురయ్యాడన్న విషయం బయటికొచ్చింది. 2014లో బెయిలు మీద వదిలారు, లింక్‌లేటర్ ఇంటి గ్యారేజీ మీది గదిలో ఉండాలన్న షరతుతో. తను సినిమా తీసిన హంతకుణ్ణి తన ఇంట్లోనే పెట్టుకున్న దర్శకుడు! ఇది నేను కథలో రాస్తే సిట్టింగ్‌లో కొట్టేసేవారు. 2016లో శిక్ష మీద మళ్ళీ విచారణ జరిగింది. మార్జొరీ కుటుంబం కోర్టుకొచ్చి తమ మాట చెప్పింది. కొత్త జ్యూరీ 99 ఏళ్ళ నుంచి జీవిత ఖైదు దాకా వేసి తిరిగి లోపలికి పంపింది.

మా గారెలాయన్ని పోయిన వేసవిలో వెతికి పట్టుకున్నాను. సంతకం కోసం. అన్నీ మార్చినా ఊళ్ళో గుర్తుపడతారని నాకు తెలుసు. ఇప్పుడు హైవే పక్కన టిఫిన్ హోటల్ నడుపుతున్నాడు, క్యాష్ దగ్గర భార్య. కథంతా చెప్పాను, తుని ఫోన్‌తో సహా. గరిటె తిప్పుతూ విన్నాడు. పక్కింటి మామ్మగారు పోయారని చెప్పాడు. పెద్దకర్మకి తనే గారెలు వేశాడట. ఆ తర్వాత అడిగిందొక్కటే:

"నా వేషం ఎవరేత్తున్నారండీ?"

ఇంకా అనుకోలేదన్నాను. అల్లం పచ్చడితో రెండు గారెలు పెట్టించాడు. సంతకం పెట్టాడు. గారెలకి డబ్బులు తీసుకున్నాడు.